రెండు మీటర్లు, ఒక అనుమానం

పందొమ్మిది వందల నలభై నాలుగు. యుద్ధం నడుస్తోంది. శామీర్‌పేట దారిలో మిలిటరీ వాళ్లు రాడార్ పెట్టెలు బాగుచేసే షెడ్డు వేశారు. మేడ్చల్ జనార్ధన్ అక్కడ పెద్ద మెకానిక్. అతని కింద మరమ్మతులు చేసేది శామీర్‌పేట కుతుబుద్దీన్.

కుతుబుద్దీన్ బల్ల మీదికి కొత్తగా డయోడ్ మీటర్ వచ్చింది. చిన్న స్ఫటికం, దానికి ఆనించిన సన్నని తీగ. రాడార్ తరంగాన్ని అది కరెంటుగా మారిస్తే ముల్లు కదిలేది. జనార్ధన్ దగ్గరున్న పాత మీటర్ మాత్రం తరంగం పుట్టించే వేడిని బట్టి పవర్ చెప్పేది. కుతుబుద్దీన్ దగ్గర ముల్లు నిండుగా చూపిన పెట్టె, చివరి పరీక్షకు జనార్ధన్ దగ్గరికొచ్చేసరికి సగం కూడా చూపలేదు. మరో పెట్టె తెచ్చినా అంతే.

పెట్టెలో తరంగాన్ని పుట్టించే మంచి వాల్వును కుతుబుద్దీన్ మధ్యలో తీసేసి పాతది పెడుతున్నాడా? సికింద్రాబాద్‌లో అలాంటి వాల్వులకు మస్తు గిరాకీ అని జనార్ధన్ విన్నాడు. ఇక మనసు ఊరుకోలేదు. కుతుబుద్దీన్ నవ్వితే వంకరగా కనిపించింది, నవ్వకపోతే ఏదో దాస్తున్నాడనిపించింది. ఆదివారం అతను లేని సమయం చూసి ఇంటికెళ్లి, అతని భార్య రుఖియాను అడిగాడు.

"చెల్లె, కుతుబ్ భాయ్ ఇంటికి ఏమన్న సామాన్ తెస్తుండా?"

ఆమె ముఖం మాడిపోయింది. "ఏం సామాన్ అన్నా? దొంగతనం జేసిండంటున్నవా?"

జనార్ధన్ గబగబా సైకిలెక్కి వచ్చేశాడు.

సోమవారం కుతుబుద్దీన్ పనికి రాలేదు. జనార్ధనే ఒక పెట్టె బాగుచేసి రెండు మీటర్లకూ తగిలించాడు. అదే తేడా! తాను తప్ప ఎవరూ ముట్టని పెట్టె. డయోడ్‌కు ముందు తరంగాన్ని బాగా బలహీనపరిచే గొట్టం బిగించి, తగ్గించినంతా మళ్లీ లెక్కలో కలిపి చూశాడు. ఈసారి రెండు మీటర్లూ ఒకే మాట చెప్పాయి.

రాడార్ ఎడతెగకుండా పలకదు. లిప్తపాటు మెరిసి, చాలాసేపు ఊరుకుంటుంది. వేడితో కొలిచే పాత మీటర్ ఎప్పుడూ ఈ రెండింటి సగటే చెబుతుంది. మెరుపు బలంగా ఉంటే డయోడ్ ఆ శిఖరాన్నే పట్టుకుంటుంది, మధ్యలోని ఖాళీని పట్టించుకోదు. బలహీనంగా ఉంటేనే రెండింటినీ కలిపి సరైన సగటు చెబుతుంది.

సాయంత్రం సైకిలెక్కి వెళ్లాడు. కుతుబుద్దీన్ గడప దగ్గరే నిలబడ్డాడు.

"నీ తప్పేం లేదు భాయ్. మీటరే తప్పు జూపింది."

"మీటర్ నన్ను దొంగ అనలే సాబ్."

జనార్ధన్ తల దించుకున్నాడు. "రేపు పనికొస్తవా?"

"వస్త. రాకుంటె పిల్లలకేం బెడత? గని ఇగ మా ఇంటికి రాకుండ్రి."

మర్నాటి నుంచి ఇద్దరూ పక్కపక్కన నిలబడే ప్రతి పెట్టెనూ కొలిచారు. కుతుబుద్దీన్ అంకెలు తప్ప మరేమీ పలికేవాడు కాదు.