పాట అయ్యేదాకా

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆ ఇంట శుక్రవారం మధ్యాహ్నాలన్నీ ఒక్కలాగే గడుస్తాయి. పద్మిని గారు కుక్కర్ పెడతారు. కొడుకు అనిరుధ్ ఫ్రిజ్ తలుపు పట్టుకుని ధ్యానం చేస్తాడు. కూతురు రచన ఆ ఒక్కరోజూ ఇంట్లోంచే కార్ల కంపెనీకి కోడ్ రాస్తూ మధ్యమధ్య ఎవరో ఒకరి మీద మండిపడుతుంది.

ఈమధ్య ఆ మంటంతా పాటల యాప్ మీదే. అమ్మమ్మ శేషమ్మ ఆవకాయ ముక్కలు కొడుతూ తనే కట్టి పాడుకున్న పాట ఒకటుంది. కత్తి దెబ్బలే దానికి తాళం. రచన ముచ్చటపడి ఆ రికార్డింగ్‌ని యాప్‌లో పెడితే, హక్కులు ఇంకెవరివో అంటూ తీసిపారేశారు.

"ఇంకెవరివి? వాళ్ళలో ఒక్కడైనా ఒక్క కాయ కొట్టాడా?"

"మనం పాటల్లో అద్దెకుంటున్నాం అక్కా," అన్నాడు అనిరుధ్. "ఓనర్ ఖాళీ చెయ్యమంటే చెయ్యాల్సిందే."

ఆ కోపంలో కొన్నదే బుల్లి ప్లేయర్. నెట్ లేదు, ఫోన్ లేదు, పాడడం తప్ప దానికింకో విద్య రాదు. అనిరుధ్ దానికి అగ్గిపెట్టె అని పేరు పెట్టాడు. అది పాడుతున్నంతసేపూ ఆ ఇంట్లోకి ఏదీ జొరబడదు. మెసేజ్‌లూ మెయిళ్ళూ పిచ్చుకలై వచ్చి పోర్చ్ రెయిలింగ్ మీద బుద్ధిగా కూర్చుంటాయి. పాట అయ్యాక ఒక్కొక్కటే లోపలికొస్తాయి. పాపం ఆకలేస్తుందేమోనని పద్మిని గారు నూకలు చల్లుతారు. వీధిలోవాళ్ళు ఆ పిచ్చుకల్ని చూసి, పాట నడుస్తోంది కాబోలనుకుని, తర్వాత వద్దామని వెళ్ళిపోతారు.

ఆ శుక్రవారం అమ్మమ్మ పాట సగంలో ఉండగా అనిరుధ్ కిటికీలోంచి తొంగిచూశాడు.

"అక్కా, నీకోసం బాతొచ్చింది."

రచన కుర్చీలోంచి లేచింది. ఉద్యోగం తీసేసే పిలుపు బాతై వస్తుందని ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. పార్కింగ్ లాట్లని ఏలుకునే ఆ పెద్ద కెనడా బాతే, మెడలో ఆఫీస్ ట్యాగ్‌తో, మంచులో నిలబడి తలుపుకేసి చూస్తోంది.

"క్రిస్మస్ సెలవుల్లో వాళ్ళ బ్రేకుల కోడ్ బాగుచేసింది నేను," అంది రచన. "మొహం చూసి చెప్పే ధైర్యం లేక దీన్ని పంపుతారా?"

పద్మిని గారు గరిటె పక్కన పెట్టారు. "గుమ్మం దాకా వచ్చినవాళ్ళని నిలబెట్టకూడదమ్మా. పాట ఆపి, ఆ మాటేదో వినేసెయ్."

"అమ్మమ్మైతే సగంలో ఆపేదా?"

పద్మిని గారు పొయ్యి మంట తగ్గించారు. కాయ మీద కత్తి దిగాక, దేవుడొచ్చి పిలిచినా శేషమ్మ తల ఎత్తేది కాదు.

"ఆపేది కాదు," అన్నారు. "అయిపోగానే మళ్ళీ మొదటినుంచి పెట్టు."

రచన రిపీట్ నొక్కింది. ఆ మధ్యాహ్నమంతా వంటింట్లో కాయలు తెగుతూనే ఉన్నాయి. బయట బాతు ఒక కాలు మార్చి ఇంకో కాలు మీద నిలబడింది. తలుపు పొడిచింది. నూకలు తిననని మొహం తిప్పుకుంది. ఐదు కొట్టగానే రెక్కలు విదిల్చి దక్షిణానికి ఎగిరిపోయింది.

"దానికీ షిఫ్ట్ అయిపోయినట్టుంది," అన్నాడు అనిరుధ్.

సోమవారం ఆఫీస్‌లో రచన బ్యాడ్జ్‌కి తలుపు తెరుచుకుంది. మేనేజర్ ఆమెను చూసి తడబడ్డాడు. శుక్రవారం చాలాసేపు ప్రయత్నించామన్నాడు. పాట వింటున్నానంది. ఐదింటితో ఆ తతంగం ముగిసిందనీ, మాట అందనివాళ్ళ ఉద్యోగం ఉన్నట్టేననీ, వెళ్ళి పని చూసుకోమనీ అన్నాడు. కురవకుండా దాటిపోయిన వర్షం గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. రచనకి సంతోషం రాలేదు, చెవులు మండాయి.

ఆమె పక్క సీట్లో కూర్చునే రాజ్ డెస్క్ ఖాళీగా ఉంది. కాఫీ మరక కూడా తుడిచేశారు. రచన మెట్ల దగ్గరికి వెళ్ళి అతనికి ఫోన్ చేసింది.

"బాతొచ్చినప్పుడు ఏం చేస్తున్నావ్ రాజ్?"

"నేనూ పాటే వింటున్నాను," అన్నాడు. "ఫోన్‌లో. బాతు అందులోంచే వచ్చేసింది, పల్లవి కూడా పూర్తి కానివ్వలేదు."