పూతలపట్టు దాటని పద్యం

కొత్త కారులో కూర్చున్న మా ఆయన మునికుమార్ బండి స్టార్ట్ చేయకుండా డాష్‌బోర్డు అంతా వేళ్లతో తడుముతున్నాడు, కరెంటు పోయినప్పుడు అగ్గిపెట్టె వెతికినట్టు. రెండో చేతిలో సీడీ ఉంది. పాత బండిని ఎక్స్చేంజికి ఇచ్చేసేముందు దాన్ని తనే బయటికి తీసి, చొక్కాకు తుడిచి, భద్రంగా పట్టుకొచ్చాడు. షోరూం అమ్మాయి కాసేపు చూసి, ఇప్పుడు ఏ బండిలోనూ సీడీ రాదు సార్, పాటలన్నీ ఫోన్లోంచే అని చెప్పింది. చెప్పి నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండింది. ఏ రేటుకు ఏ రంగు వస్తుందో గంటలకొద్దీ చెప్పిన పిల్ల, ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉండకూడదా?

మునికుమార్ నావైపు తిరిగాడు. "ప్రసన్నా, తపసు ఈ వారమే గదా" అన్నాడు.

పూతలపట్టు కూడలి దాటితే మా ఊరు. ఏటా ఎండాకాలంలో మా ద్రౌపతమ్మ గుడి ముందు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. అందులో ఒక పగలు అర్జునుడి తపస్సు. ఎత్తయిన తాటిమాను నాటి, మెట్లకోసం కొయ్యలు దిగ్గొడతారు. అర్జునుడి వేషగాడు మెట్టుకొక పద్యం పాడుతూ చివరిదాకా ఎక్కుతాడు. పిల్లల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో మాను చుట్టూ బోర్లా పడుకుంటారు. ఆయన పైనుంచి విసిరే నిమ్మపండు దొరికితే కడుపు పండుతుందని నమ్మకం. పద్యం మాత్రం నడిమధ్యలో తెగకూడదు. తెగితే ఆ ఆడవాళ్ల మొక్కు చెడిపోతుంది, వేషం ఆ ఇల్లు దాటి వెళ్లిపోతుంది.

ఆ వేషం మా మామ చెంగయ్యది. నేను కాపురానికి రాకముందు నుంచీ ఆయనదే. పోయినేడు భారతం ముగిశాక పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఎవరు ఏమడిగినా "ఆ… ఆ" అనడం తప్ప ఇంకేమీ రాదు. చదువు లేదు కాబట్టి రాసి చూపించడమూ లేదు. ఆయనకు ఈ పద్యాలన్నీ చెవితోనే వచ్చాయి, చెవితోనే పోవాలి. నయమేమిటంటే, గొంతు బాగున్న రోజుల్లో చిత్తూరులో ఒక రికార్డింగు స్టూడియోకు తీసుకెళ్లి పాడించాము. ఆ ఒక్క సీడీయే మాకు మిగిలింది.

మా ఆయన తిరుపతిలో టాక్సీ తోలుతాడు. యాత్రికులను దించేసి ఖాళీగా ఇంటికొచ్చేటప్పుడు ఆ సీడీ పెట్టుకుని, వెంట పాడుకుంటూ నేర్చుకున్నాడు. ఎప్పుడు పెట్టినా మొదటి వినాయకుడి పద్యం నుంచే పెట్టేవాడు. దేవుణ్ణి దాటేసి మధ్యలో అందుకోవడం తప్పని ఆయన నియమం. ఇంకో నియమం మా ఊరిది. తపసు పద్యాలు తపసునాడు తప్ప ఊరి పొలిమేరలో వినపడకూడదు. అందుకని పూతలపట్టు కూడలి రాగానే సీడీ ఆపేసేవాడు. మళ్లీ బయల్దేరితే మళ్లీ వినాయకుడే.

ఈ రెండు నియమాల మధ్య ఏం జరిగిందో కొత్త కారులో ఇంటికొస్తుంటే తెలిసింది. సీడీ లేకపోతేనేం, అన్నీ నోటికొచ్చు కదా, పాడు వింటాను అన్నాను. చక్కగా అందుకున్నాడు. గొంతు అచ్చం మామదే. పాకాల రోడ్డు మలుపుకు ఒక పద్యం, రైలు గేటుకు ఒక పద్యం, దేని చోటు దానిదే. కూడలి కనపడగానే నోరు ఆగిపోయింది. బండి పక్కకు తీసి నిలబెట్టాడు.

"దీని తరవాతది ఏంది?" అని నన్ను అడిగాడు.

నాకేం తెలుసు? ఆయన ఏనాడూ కూడలి దాటి వినలేదు. మనిషికి భక్తి ఉండాలి గానీ మరీ ఇంతా అని కేకలేయబోయి, ఆయన మళ్లీ వినాయకుడి దగ్గర్నుంచి మొదలుపెట్టడం చూసి ఊరుకున్నాను.

ఇక మొదలైంది మా తిరుగుడు. ఇంట్లో పాత డీవీడీ పెట్టె సీడీని మింగలేదు, కక్కలేదు, మోటారు ఎప్పుడో చచ్చింది. చిత్తూరు నెట్ సెంటర్లో కంప్యూటర్లన్నీ కొత్తవి, సీడీ పెట్టే చోటే లేదు. తమ్ముడి ల్యాప్‌టాపూ అంతే. పెన్‌డ్రైవులోకి ఎక్కించుకో అక్కా అని ఉచిత సలహా ఇచ్చాడు. ఎక్కించడానికైనా ముందు అది ఎక్కడో ఒకచోట తిరగాలి కదా. తపసు వీడియోలు ఊళ్లో ప్రతి ఫోన్లోనూ ఉన్నాయి. అన్నిట్లోనూ మద్దెల, గోవింద నామాలే. మాను చివర మైకు ఉండదు. అక్కడ మామ నోరు కదలడమే తప్ప ఒక్క ముక్క వినిపించదు.

తపసు రేపనగా ఉత్సవం పెద్ద జయరామ్ మా గుమ్మంలో కూర్చుని, ఒకమారు పాడి వినిపించమన్నాడు. మునికుమార్ పొలిమేర నియమం చెప్పి తప్పించుకున్నాడు. జయరామ్ తలూపి లేస్తూ, పలమనేరు నుంచి ఒక వేషగాడిని కూడా పిలిపించామని చెప్పాడు. "నీ మింద నమ్మకం లేక కాదప్పా. కింద ఆడబిడ్డలు పడుకోని ఉంటారు. పద్యం తెగితే వాళ్లకి ఎవురు బదులు చెప్పాల?"

తప్పుగా మాట్లాడలేదు. అందుకే ఇంకా భయం వేసింది.

అతను వెళ్లగానే నాకు పాత బండి గుర్తొచ్చింది. సీడీ పాడే పెట్టె ఇంకెక్కడ లేకపోయినా అందులో ఉంది. రేణిగుంట రోడ్డులో పాత కార్లు అమ్మే దయానంద్ యార్డుకు పంపారని షోరూంలో చెప్పారు. పరుగున వెళ్లాము. మేం చేరేసరికి మా బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఉన్నాయి. పులికాట్ వైపు నుంచి వచ్చిన రొయ్యల వ్యాపారి ఒకాయన కర్పూరం వెలిగించి, ఎక్కబోతున్నాడు. రాహుకాలం వచ్చేలోపు గేటు దాటాలని తొందరపడుతున్నాడు.

దయానంద్‌ను బతిమాలాము. అతను ఆయన్ను బతిమాలాడు. నిమ్మకాయలు పెట్టాక వేరేవాళ్లు ఎక్కడమేమిటని ఆయన ముఖం మాడ్చుకున్నాడు. మా మామ గొంతు వినాలయ్యా, రేపు తపసు అని చెప్పాను. అర్జునుడి తపసా అని అడిగి, చెప్పులు విడిచి పక్కకు జరిగాడు.

సీడీ పెట్టగానే గరగరమని తిరిగి, డిస్క్ లేదని చూపించి బయటికి తోసేసింది. కొంగుతో తుడిచి మళ్లీ పెట్టాను. మళ్లీ తోసింది. మూడోసారికి లోపల నిలిచింది. వినాయకుడి పద్యం మొదలైంది. మునికుమార్ కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. బయట ఆ మనిషి గడియారం చూసుకుంటున్నాడు. నేను వినాయకుడికి మనసులోనే దండం పెట్టి, ముందుకు తోసే బటన్ నొక్కుతూ పోయాను. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, నేను విడిపించుకున్నాను.

కూడలి దాటాక ఉండే పద్యాలు వచ్చాయి. ఒక్కొక్కటి వినగానే పట్టేశాడు. ఆ తాళం, ఆ పోక ఒంట్లో ఉన్నవే. ఆఖరిది అయింది. తరవాత దగ్గు వినిపించింది. ఆ తరవాత, ఏడాదిగా మేము వినని మామ మాట.

"ఇంతేరా మునీ. పైన కూర్చున్యాక పాడేది ఇంగొకటి ఉండాది. దాన్ని పెట్టెలో పాడగూడదు. మాను కింద నీ చెవిలో నేనే చెప్తా."

సీడీ ఆగిపోయింది. మునికుమార్ స్టీరింగు మీద తల వాల్చేశాడు. మొదటిసారి ఎక్కబోయే శిష్యుడి తల మీద గురువు చెయ్యి పెట్టి చెవిలో ఏదో చెప్పడం ఊరంతా ఎరిగిందే. దీవెన అనుకున్నాము. అది పద్యమని మా ఇద్దరికీ ఆ బండిలో తెలిసింది. చెప్పాల్సిన నోరు మంచంలో ఉంది.

ఇంటికొచ్చి మామ పక్కన కూర్చుని అడిగాడు. మామకు అర్థమైంది. ఎడమచేత్తో కొడుకు మెడ దగ్గరికి లాక్కుని, చెవి దగ్గర నోరు పెట్టి ఎంతో కష్టపడ్డాడు. "ఆ… ఆ…" అంతే. కళ్లవెంట నీళ్లు కారిపోయాయి. నేను అక్కడ నిలబడలేక వంటింట్లోకి వెళ్లాను.

జయరామ్‌కు చెప్పేద్దామా అని ఆ రాత్రంతా నలిగాము. పలమనేరు వేషగాడికి మాత్రం మా ఊరి పద్యం ఎలా వస్తుంది? మా ఆయన చివరికి ఒకే మాట అన్నాడు. "వచ్చినంతవరకు పాడతా. పైన ఏమైతే అదయితాది."

తపసునాడు ఎండ మాడ్చేస్తోంది. మామను కొత్త కారులో ముందు సీట్లో కూర్చోబెట్టి మాను దాకా తెచ్చి, కుర్చీలో దించాము. ఆడవాళ్లు గుంటలో మునిగి వచ్చి ఒక్కొక్కరే పడుకుంటున్నారు. వాళ్ల తల కింద గుడ్డ సర్దుతూ, నీళ్లు చల్లుతూ తిరుమలమ్మ తిరుగుతోంది. వయసు మళ్లిన మనిషి, పిల్లల్లేరు. ఒకప్పుడు ఏటేటా ఆ నేలమీద పడుకున్నదే. ఫలితం లేకపోయింది. పేరంటాలకు పిలవరు, అక్షింతలు వేయనివ్వరు. ఈ ఒక్క పనికి మాత్రం ఎవరూ అడ్డం చెప్పరు.

మామ కొడుకు చెవిలో నోరు పెట్టాడు. జనం గోవిందా అన్నారు. ఏం వినపడిందో నాకు తెలుసు.

మునికుమార్ ఎక్కాడు. మెట్టుకొక పద్యం, ఎక్కడా తడబాటు లేదు. కూడలి దాటినవి కూడా దాటేశాడు. నేను మామ కుర్చీ పట్టుకుని నిలబడి ఉన్నాను. చివరి పలక మీద కూర్చుని, ఆకాశానికి చేతులు జోడించాడు. మద్దెల మోగుతూనే ఉంది, జనం గోవిందా అంటూనే ఉన్నారు.

ఏమీ రాలేదు.

పైన పద్యం లేదని తెలిసి మద్దెల ఆగింది, గోవింద నామాలూ ఆగాయి. తరవాత తలలు కదిలాయి. జయరామ్ నావైపు చూశాడు. నేలమీది ఆడవాళ్లలో ఒకామె తల ఎత్తబోయింది. పైన మా ఆయన నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. నేను చచ్చిపోతే బాగుండుననిపించింది.

అప్పుడు మాను మొదట్లోంచి ఒక సన్నటి గొంతు లేచింది.

"జడలలోన గంగ జారకుండగ నిల్పు…"

తిరుమలమ్మ. చేతిలో నీళ్ల చెంబుతో, తల పైకెత్తి పాడుతోంది. పైనుంచి మునికుమార్ ఆ ముక్క అందుకున్నాడు. ఆమె రెండోది అందించింది, ఆయన పాడాడు. అలా నాలుగూ.

"జడలలోన గంగ జారకుండగ నిల్పు
స్వామి, పిడికెడైన చల్లదనము
నేల పడిన తల్లి నెత్తిపై చిలికించి
కడుపు నింపి పంపు కరుణ తోడ."

మిగతా పద్యాలన్నీ అర్జునుడు తన అస్త్రం కోసం అడిగేవి. ఇదొక్కటే కింద పడుకున్నవాళ్ల కోసం అడిగేది. మద్దెల మోగింది, నిమ్మపండ్లు రాలాయి, ఆడవాళ్లు లేచి కొంగులు పట్టారు. నేను మామ భుజం మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. మామ ఏడుస్తూనే తిరుమలమ్మకేసి చూస్తున్నాడు.

జయరామ్ ఆమె దగ్గరికి నడిచాడు. ఆడమనిషి మాను కింద పద్యం అందుకోవడం మా ఊళ్లో ఎన్నడూ లేదు. నీకెవరు నేర్పారని అడిగాడు. గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ.

"ఎవురు నేర్పిస్తారప్పా నాకు? మీరంతా దూరంగా నిలబడి గోవిందా అంటా ఉంటిరి. నేను ఈడ నేల మింద ఉంటి. చెంగయ్యన్న పైన పాడేది పడుకున్నోళ్లకే ఇనపడతాది. బిడ్డ పుట్టినోళ్లు మళ్లీ రాలేదు, మరిసిపోయినారు. నేను ఏటేటా వచ్చి పడుకుంటి గదా, నాకు నిలిచిపోయినాది."

జయరామ్ తల దించుకుని, దారి వదిలాడు.

మునికుమార్ దిగాడు. దిగిన అర్జునుడు ముందు గురువు కాళ్లకు మొక్కాలి. మామకు మొక్కి, లేచి, సరాసరి తిరుమలమ్మ ముందుకు వెళ్లి వంగాడు. ఆమె కాళ్లు వెనక్కి లాక్కుంది. పిల్లల్లేనిదాన్ని, నాకొద్దు నాయనా అంది. ఆయన వంగిన మనిషి వంగినట్టే ఉన్నాడు, ఎండలో, కిరీటం జారిపోతున్నా. తిరుమలమ్మ మామవైపు చూసింది. మామ ఎడమచెయ్యి ఎత్తి, పెట్టు అన్నట్టు సైగ చేశాడు. ఆమె తడిచెయ్యి కొంగుకు తుడుచుకుంది. ఆ చెయ్యి తన తల మీద పడేదాకా మునికుమార్ లేవలేదు.