అలిగితే బాగుండు

"ఆధార్ తియ్యాలె, ఆధార్! ముఖం సూపిస్తే టికెట్ రాదమ్మా, కార్డు సూపియ్యాలె."

నేరేడుచర్ల దాటేసరికి బస్సులో కాలు మోపే చోటు లేదు. మంజుల నడుమును సీటు కమ్మీకి ఆనించి, ఎవరిదో బియ్యం సంచి మీద మోకాలు పెట్టి, మిషన్ నొక్కుతూ ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు చింపి ఆడవాళ్ల చేతుల్లో పెడుతోంది. చీర మీద తొడిగిన ఖాకీ చొక్కా చంకల్లో అప్పటికే తడిసింది. నలభై దాటిన మనిషి. పొట్టి. నిలబడీ నిలబడీ పిక్కల మీద నరాలు ఉబ్బాయి, కుడిచేతి బొటనవేలి గోరు మిషన్ మీద అరిగింది. గొంతు మాత్రం అరగలేదు. ఆమె "రైట్, రైట్" అంటే కునుకు తీస్తున్నవాడు ఉలిక్కిపడి తన ఊరు దాటిపోయిందేమోనని లేచి నిలబడతాడు.

మిర్యాలగూడలో బయలుదేరి కోదాడ మీదుగా సూర్యాపేట పోయే ఈ బస్సును డ్రైవర్ మట్టయ్య అసెంబ్లీ అంటాడు. తాను స్పీకరట. వెనక అందరూ అరుస్తుంటే వినపడనట్టు ముందుకు చూస్తాడు కనుక. సర్పంచి ఎన్నికలు ఎప్పుడు పెడతారు, ఏ ఊరు ఎవరికి రిజర్వేషన్ అవుతుంది, వడ్లకు బోనస్ పడిందా లేదా, అన్నీ ఇక్కడే తేలతాయి. మామూలుగా ఆ అసెంబ్లీలో మంజుల నోరే పెద్దది. ఇవాళ ఆ నోరు టికెట్లకు తప్ప లేవడం లేదు. రెండు చేతులకూ పని దొరికినంతసేపు ఫర్వాలేదు. కాస్త ఖాళీ దొరికితే చాలు, చెయ్యి జేబులోని ఫోను మీదికి పోతోంది.

ఏసమ్మ నుంచి మాట లేదు. నాలుగు రోజులైంది.

ఏసమ్మది నడిగూడెం. సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో ఆయాగా చేసేది. పొద్దున్నే కోదాడలో ఇదే బస్సెక్కి కండక్టర్ పక్క సీట్లో కూర్చొని, ఒళ్లో పల్లీలు, చేతిలో పేపరు పెట్టుకునేది. మొదటిరోజే ఏదో మంత్రి మాట మీద ఇద్దరికీ తగువు పడింది. మునగాల దాకా కొట్లాడుకున్నారు. సూర్యాపేటలో దిగేటప్పుడు ఏసమ్మ మిగిలిన పల్లీలు మంజుల చేతిలో పోసి "రేపు మిగిలింది మాట్లాడుదాం" అన్నది. ఆ మిగిలింది ఏళ్ల తరబడి మిగులుతూనే వచ్చింది.

తిరుమలగిరిలో చదువుకునే రోజుల్లో మంజుల పేపరు ముందేసుకుంటే తండ్రి "నీకెందుకే రాజకీయాలు, బర్రెకు కుడితి పెట్టు" అనేవాడు. పెళ్లయి వేములపల్లికి వచ్చాక భర్త నర్సింహ ఆ మాటే రిమోట్‌తో అనేవాడు. మంచివాడే పాపం, రైస్ మిల్లులో బాయిలర్ ముందు కాలి కాలి వస్తాడు, ఆమె వార్తలు పెట్టగానే చానల్ మార్చేస్తాడు. డిపోలో మగవాళ్లు యూనియన్ ముచ్చట్లలో పడ్డప్పుడు ఆమె పోతే "రా చెల్లె, చాయ్ తాగుతవా" అని మాట తిప్పేస్తారు. నువ్వేమంటావు మంజులా అని అడిగిన మనిషి ఈ భూమ్మీద ఏసమ్మ ఒక్కతే.

ఆ ఏసమ్మ అయిదేళ్ల కింద ఇజ్రాయెల్ వెళ్లింది, హైఫా అనే ఊరికి, ఒక ముసలామెను చూసుకునే పనికి. నడిగూడెం చర్చివాళ్లు "యెరూషలేం నూనె తేవాలె" అని దండలేసి పంపారు. ఆమె ఇప్పటికీ యెరూషలేం చూడలేదు. ముసలామెను లేపి కూర్చోబెట్టడం, స్నానం, మందులు, వీటితోనే సరిపోతుంది. ఆ ముసలామె పేరు సారా. ఏసమ్మ సారమ్మ అంటుంది. మహా గట్టిది. టీవీ రిమోట్ ఎవరికీ ఇవ్వదు, కొడుకు వచ్చినా సరే. రోజంతా వార్తలు చూస్తూ తెరలోని మంత్రుల్ని తిడుతుంది. తిట్టి, ఏసమ్మ వైపు తిరిగి, నువ్వేమంటావు అన్నట్టు గడ్డం ఎగరేస్తుంది. ఇదంతా వాయిస్ మెసేజీల్లో వచ్చేది. మంజుల అక్కా అని పిలుస్తూ ఇక్కడి సంగతులు పంపేది. ఇద్దరికీ ఒక ఒప్పందం. ఇంటి ఏడుపులు వద్దు, వార్తలే మాట్లాడుకోవాలి. ఏడవడం మొదలుపెడితే ఆగదని ఇద్దరికీ తెలుసు.

గొడవ ఉచిత బస్సు మీద వచ్చింది. "బస్సులు పెంచకుంట ఫ్రీ అంటే ఎట్లనే? నీ నడుము ఇరిగితే గవర్నమెంటు జండూబామ్ రాస్తదా?" అని ఏసమ్మ పంపింది. ఆ రోజు మంజుల మూడు ట్రిప్పులు నిలబడే చేసింది. కాళ్లు గుంజుతున్నాయి. ఒళ్లు మండి, ఫోను నోటి దగ్గర పెట్టుకొని అనేసింది: "ఓటెయ్యవు, బస్సెక్కవు. ఆడ ముసల్దాని ముడ్డి కడుక్కుంట కూసున్నదానివి, నీకెందుకే మా రాజకీయం?"

విన్నట్టు నీలం గీతలు పడ్డాయి. జవాబు లేదు. తెల్లారి అక్కడ యుద్ధం మొదలైంది. టీవీలో హైఫా పేరు, పొగ, పరుగెత్తే జనం. అప్పటినుంచి మంజుల పంపినవాటికి ఒక్కటే గీత, అదీ బూడిద రంగులో. తండ్రి తనను అన్న మాట, మొగుడు అన్న మాట, తనను ఎన్నడూ ఆ మాట అనని మనిషితో అన్నందుకు ఆమె అన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి తీసుకుపోతోంది.

కోదాడలో దిగినంతమంది దిగి, దానికి రెట్టింపు ఎక్కారు. హైవే ఎక్కగానే అసెంబ్లీ మొదలైంది. తెల్లచొక్కా వేసుకొని, బైబిలు సంచి ఒళ్లో పెట్టుకున్న పెద్దాయన పక్కవాళ్లకు చెబుతున్నాడు. సూర్యాపేటలో ప్రార్థన కూటానికి పోతున్నాడట, పేరు ఏసుపాదం.

"ఇజ్రాయెల్ల లడాయితోటి ప్రవచనం నెరవేరుతున్నదయ్యా. అన్నీ రాసిపెట్టి ఉన్నయి. మనం సంతోషపడాలె."

"అది సరే గని, యూరియా రేటు పెరుగుతదా, పెరగదా? గది సెప్పు ముందుగాల," అన్నాడు ఈదయ్య అనే రైతు.

నలుగురు నవ్వారు. మంజుల చేతిలో మిషన్ ఆగిపోయింది.

"ఆడ మా అక్క ఉన్నది!" అని అరిచింది. మట్టయ్య బ్రేకు మీద కాలు వేశాడు. "సంతోషపడాల్నా? మెట్ల కింద నక్కి కూసున్నోళ్లు మనుషులు కాదా? బతికున్నదో లేదో తెలుస్తలేదు నాకు. మీకు నవ్వులాటైంది!"

ఏసుపాదం కళ్లద్దాలు తీశాడు. మొహం చిన్నబోయింది.

"పేరేందమ్మా ఆమెది?"

"ఏసమ్మ."

ఆయన ఆ పేరు ఒకసారి పలికి, కళ్లు మూసుకుని పెదవులు కదిలించసాగాడు. ఈదయ్య లేచి తన సీటు చూపించాడు. డ్యూటీలో కూర్చోనని మంజుల అనలేదు, కూలబడింది.

పక్కనే డిగ్రీ చదివే అమ్మాయి, అశ్విని, ఫోను అడిగి తీసుకుంది. వేలితో అటూ ఇటూ జరిపి చూసి, మొహమాటంగా అన్నది: "ఆంటీ, ఈమె ఫొటో గూడ కనపడ్తలేదు. ఒకటే టిక్కు. మిమ్మల్ని బ్లాక్ చేసినట్టున్నది."

"ఏందీ?"

"అంటే... మీ మీద కోపమొచ్చి బంద్ చేసింది కావచ్చు. సారీ ఆంటీ."

"ఫోను పగిలితే గిట్ల కనపడదా?"

"పగిలినా టిక్కు ఒకటే ఉంటది, గని ఎక్కువసార్లు ఫొటో కనపడ్తది."

మంజుల ఆ అమ్మాయి బుగ్గలు రెండూ పట్టుకుంది. నాలుగు రోజుల్లో ఇంత మంచి మాట ఎవరూ చెప్పలేదు. బ్లాక్ చేయాలంటే చెయ్యి ఉండాలి, ఫోను ఉండాలి, కోపం ఉండాలి. దేవుడా, అలిగి ఉండాలి. జన్మలో మాట్లాడకపోయినా సరే, అలిగే ఉండాలి. యాదగిరి నరసింహస్వామికి మొక్కింది, పక్కన పెద్దాయన ప్రార్థిస్తున్నాడు కదా అని ఆయన దేవుడికీ ఒక దండం పెట్టింది.

మునగాల దాటింది. మంజుల లేచి మళ్లీ టికెట్లు కొట్టడం మొదలుపెట్టింది. సూర్యాపేట ఇంకా కొంత దూరం ఉండగా జేబులో ఫోను గుర్రుమన్నది. చేతుల్లో మిషన్, టికెట్లు ఉంటే ఆమె జేబు అశ్విని వైపు తిప్పింది, అశ్వినే తీసి నొక్కింది. బస్సంతా వినబడింది.

"ఏమే, నాకెందుకా రాజకీయం? బ్లాక్ చేసిన, ఔ, నేనే చేసిన! అలిగిన! సర్పంచి ఎలక్షన్లు పెట్టనీ, నడిగూడెం వచ్చి లైన్ల నిలబడి ఓటేసి, గా సిరా ఏలు నీ మొకం ముంగట పెడ్త. అప్పుడు మాట్లాడు. బస్సులు పెంచాలె అని నేను చెప్పిందే కరెక్టు. ఇంకెన్నిసార్లు చెప్పాలె నీకు?"

మంజుల కమ్మీ పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఖాకీ చేతితో ముక్కు తుడుచుకుని బస్సు మొత్తానికి టికెట్లు పిలిచే గొంతుతో చెప్పింది.

"అలిగిందట! మా అక్క అలిగిందట!"

"దేవునికి స్తోత్రం," అన్నాడు ఏసుపాదం. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

"బస్సులు పెంచాలె అన్నది మాత్రం కరెక్టేనమ్మా," అన్నాడు సీటు పోయి ఒంటికాలి మీద నిలబడ్డ ఈదయ్య. మట్టయ్య, స్పీకర్ అయ్యుండి కూడా, ఉత్తపుణ్యానికి హారన్ కొట్టాడు.

సూర్యాపేట బస్టాండులో అందరూ దిగిపోయారు. మట్టయ్య చాయ్‌కి వెళ్లాడు. ఖాళీ బస్సులో, ఒకప్పుడు ఏసమ్మ కూర్చునే సీట్లో మంజుల కూర్చుంది. ఇంకో మెసేజ్ వచ్చి ఉంది. ఈసారి గొంతు నెమ్మదిగా ఉంది.

"ముసల్ది పోయింది మంజులా. బాంబుకు కాదులే. సైరన్ మోగితే కిందికి దిగినం. మందుల డబ్బా మర్సిపోయింది గని రిమోట్ పట్టుకొనే దిగింది. తెల్లారి పైకొచ్చి కుర్సీల కూసోవెట్టి చాయ్ తెద్దామని పోయిన. వచ్చేసరికి వార్తలు నడుస్తనే ఉన్నయి, ఆమె లేదు. గంత పెద్ద లడాయి నడుమ గంత సప్పుడు లేకుంట పోయింది. అదేరోజు మట్టి చేసిన్రు. నువ్వేమంటవ్ అని అడిగేటోళ్లు లేరు ఇల్లంత. అందుకే నీ బ్లాక్ తీసిన."

తర్వాత మళ్లీ: "విమానాలు తిరిగినంక వచ్చేస్త. కొడుకు, అమ్మ గుర్తుకు ఏం కావాల్నో తీస్కో అన్నడు. రిమోట్ అడిగిన. పిచ్చిదాని లెక్క సూసిండు. నీకోసమే. మీ టీవీకి పనిచెయ్యదు, తెలుసు. నర్సింహ ముంగట ఊకెనే చేతుల పట్టుకొని కూసో."

మంజుల ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. వార్తలే మాట్లాడాలన్న ఒప్పందం తప్పి, "అక్కా, అన్నం తిన్నవా?" అని అడిగింది. మట్టయ్య వచ్చి ఇంజను స్టార్ట్ చేశాడు. మిర్యాలగూడ ఆడవాళ్లు సంచులతో మెట్ల దగ్గర తోసుకుంటున్నారు. ఫోను జేబులో పెట్టబోతుండగా ఏసమ్మ నుంచి ఫొటో దిగింది.

ఎక్కడో ఒక కిటికీ గట్టు మీద ఎండ పడుతోంది. అందులో నల్లటి రిమోట్; బ్యాటరీ మూత ఊడిపోతే ఏసమ్మ చుట్టిన తెల్లటి దవాఖాన ప్లాస్టర్, సౌండు పెంచే మీట మీద ముసలి బొటనవేలు అరగదీసిన గుంట.