డేగ కళ్లద్దాలు

మా వీధిలో నన్ను డేగ అంటారు. పేరు ఊరికే రాలేదు. ముప్ఫయ్యేళ్లుగా కళ్లద్దాల దుకాణం నడుపుతున్నాను. అద్దం మీద చుక్క ఎక్కడ పెట్టాలో యంత్రం చెప్పేలోపే నా కన్ను చెప్పేస్తుంది. మనిషి కనుపాప ఎదురుగా ఆ చుక్క రావాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా తల తిరుగుతుంది. మా పని మొత్తం ఆ చుక్కలోనే ఉంది.

యాభై ఆరో ఏట ఇంకో ఘనత తోడైంది. దగ్గరి చూపుకి పదేళ్లుగా పెట్టుకుంటున్న ప్లస్ రెండు అద్దాలు లేకుండానే ఒకరోజు మందు సీసా మీది సన్నక్షరాలు చదివేశాను. ఆ అద్దాలు తీసి విరిగిన ఫ్రేముల డబ్బాలో పడేశాను. ఆ తర్వాత దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లకీ ఆ సీసా చదివి వినిపించాను. దూరపు చూపు మాత్రం కొంచెం మసకేసింది, దానికో చిన్న మైనస్ అద్దం పెట్టుకున్నాను. అదెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

"వయసు అందరికీ ముందుకెళ్తుంది, మీకు వెనక్కొస్తున్నట్టుంది," అంది మా ఆవిడ. లోపల అద్దాలు అరగదీసేది నేను, ముందు కౌంటర్లో ఆర్డర్లు రాసేది తను.

"డేగకి ముసలితనం రాదు," అన్నాను.

రెండేళ్లు అలా గాల్లో తేలాను. నన్ను కిందికి దింపింది దాహం. చెంబుల కొద్దీ నీళ్లు తాగడం, గంటకోసారి బయటికి పరుగెత్తడం. మా ఆవిడ నా మాట చెవిన వేసుకోకుండా డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. రక్తంలో షుగరు మూడు నెలల సగటు పదకొండు దాటింది. ఆరున్నర దాటితేనే షుగరంటారు, నాది మేడెక్కి కూర్చుంది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, మాట మాత్రం పెద్ద మనిషిది. "కంటి లోపలి పొర ఇప్పటికి బాగానే ఉందండీ. ఇలాగే వదిలేస్తే ఉంటుందని నేను మాటివ్వలేను," అంది. "మాత్రలు వేసుకోవాలి. అన్నం, బ్రెడ్డు, బంగాళాదుంపలు, తీపి బాగా తగ్గించాలి. మూడు నెలల్లో దిగకపోతే ఇన్సులిన్ మొదలుపెడదాం."

నాకు సూదంటే భయం లేదు. కళ్లంటే భయం. చూపు పోయిన కళ్లద్దాలవాడు ఎవరికి కావాలి? ఆ భయం బయటపెట్టకుండా, "మూడు నెలలెందుకండీ, రెండు చాలు నాకు," అని లేచాను.

పంతం పడితే నేను మొండివాణ్ణి. పొద్దున గుడ్లు, మధ్యాహ్నం చేపా ఆకుకూరా, సాయంత్రం చిక్కుడుకాయలో దోసకాయ ముక్కలో, ఆకలేస్తే గుప్పెడు పల్లీలు. అన్నం మూడు చెంచాలు, అదీ కంచంలో ఓ మూలకి. మొదటి వారం బ్రెడ్డు దుకాణం ముందు నుంచి వెళ్లలేక వెనక సందులోంచి చుట్టు తిరిగి వచ్చేవాణ్ణి. రెండో వారం దాని ముందు నుంచే ఛాతీ విరుచుకుని నడిచాను. దుకాణంవాడు పిలిచి వేడి బన్ను ఇవ్వబోతే, "నీ మొహం చూశాను, అది చాలు," అన్నాను. మా ఆవిడ కూడా నేను తినేదే తింది. "ఒక ఇంట్లో రెండు వంటలు నా వల్ల కాదు," అంది. సులువు కోసమేననుకున్నాను.

వేలు గుచ్చుకుని చూసుకునే పొద్దుటి లెక్క రోజురోజుకీ దిగుతోంది. దాహం పోయింది, బెల్టు ఒక రంధ్రం లోపలికి జరిగింది. మీసం మెలేద్దామనుకుంటున్న మూడో వారంలో ఓ పొద్దున ఆ మందు సీసా తీస్తే అక్షరాలు కనపడలేదు.

సీసాని చెయ్యి చాపినంత దూరం పెట్టాను. ఊహూఁ. మా ఆవిడ కూరగాయలు తేవడానికి వెళ్లింది కదా అని కుర్చీలో కూర్చుని నా కళ్లు నేనే పరీక్షించుకున్నాను. ప్లస్ ఒకటి పడింది. గబగబా ఒక జత తయారు చేసుకుని జేబులో పెట్టుకున్నాను. పది రోజుల్లో అవీ చాలలేదు, ఒకటీ ముప్పావు చేశాను. ఇంకో పది రోజులకి రెండూ ముప్పావు. ఇంత పవరు నా జన్మలో ఎప్పుడూ లేదు. నన్ను డేగ అని పిలిచినవాళ్లందరి మొహాలూ ఆ అద్దాల్లోంచి చూస్తే మసగ్గానే కనిపించాయి.

తిండి మార్చాకే కదా ఇదంతా అనుకున్నాను. పిండిపదార్థం లేక కళ్లు ఎండిపోతున్నాయని నాకు నేనే ఒక శాస్త్రం రాసుకున్నాను. బ్రెడ్డు దుకాణం మీదికి మళ్లీ చూపు పోవడం మొదలైంది.

ఆ వారమే మా వీధి బడి పంతులమ్మ వచ్చింది, కొత్త అద్దాలు చేత్తో పట్టుకుని. "డేగగారూ, ఇవి పెట్టుకుని మెట్లు దిగుతుంటే నేల పైకి లేస్తోందండీ," అంది. చూస్తే కుడి అద్దం చుక్క రెండు మిల్లీమీటర్లు పక్కకి పోయింది. ముప్ఫయ్యేళ్లలో నా చేతిలో అలాంటి చుక్క పడలేదు. తల కొట్టేసినట్టయింది. మళ్లీ చేసిస్తానని చెప్పి పంపించాను. సాయంత్రం బన్ను కొనుక్కుని జేబులో పెట్టుకున్నాను. ఇంటికెళ్లేలోపు తినాలనే.

తినలేదు. దుకాణం కట్టేసే ముందు మా ఆవిడ నా బల్ల దగ్గరికి మూడు చీటీలు పట్టుకొచ్చింది. అద్దం చేసిన ప్రతిసారీ పవరు రాసి చీటీ పెట్టడం మా అలవాటు. చెయ్యి అలవాటు మనసు మాట వినదు, దొంగతనంగా చేసుకున్న అద్దాలకి కూడా చీటీలు రాసేశాను, పేరొక్కటే రాయలేదు.

"ఏమండీ, ఈయనెవరో నెలలో మూడు నంబర్లు మారాడు. షుగరు చూపించుకోమని చెప్పారా?" అంది.

తలెత్తి చూశాను. తల మీద గోడకి నేను స్వయంగా రాసి తగిలించిన బోర్డుంది: 'నెలలో నంబరు మారిందా? కొత్త అద్దాల కంటే ముందు షుగరు చూపించుకోండి.' కొన్ని వందల మందికి చదివి వినిపించాను దాన్ని. ఇరవై ఏళ్లుగా నా నెత్తి మీదే ఉంది, నాకు మాత్రం కనపడలేదు.

మూడు జతలూ జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను. వాటితో పాటు బన్నూ బయటికొచ్చింది. తను అద్దాల్ని చూసింది, బన్నుని చూసింది, తిట్టలేదు. "రేపు పొద్దునే వెళ్దాం," అంది. తను తిట్టకపోతేనే నాకు భయం.

డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది, కళ్లలో మందు చుక్కలు వేసి లోపలి పొర మళ్లీ చూసింది. తర్వాత మూడు జతల అద్దాల్నీ వరసగా పెట్టి, ఒక్కోదాని పవరూ అడిగి రాసుకుంది. రాసుకుంటూ నవ్వింది. ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండింది.

"కళ్లు పోతుంటే నవ్వుతారేంటండీ?"

"పోవట్లేదండీ. లోపలి పొర శుభ్రంగా ఉంది. షుగరు ఆరు వారాలకే ఎనిమిదిన్నరకి దిగింది. మీ బోర్డు మంచిదే కానీ సగమే రాశారు. షుగరు పెరిగినప్పుడే కాదు, త్వరగా దిగినప్పుడు కూడా నంబరు మారుతుంది. కంట్లో కటకం మళ్లీ సర్దుకోవాలి కదా. ఈ మూడు జతలూ మీరు గెలుస్తున్నారని చెప్తున్నాయి." నంబర్లు మరోసారి చూసి అడిగింది, "షుగరు బయటపడకముందు మీకు దగ్గరి అద్దాలు అక్కర్లేకుండా పోయాయా?"

"రెండేళ్లు సీసా చదివారండీ," అంది మా ఆవిడ.

"షుగరు పెరిగితే కొందరికి దగ్గరి చూపు బాగుపడినట్టే ఉంటుంది. అప్పుడే మొదలైనట్టుంది," అంది డాక్టరమ్మ మెల్లగా.

రెండేళ్లుగా నేను వీధి వీధంతా చాటుకున్నది నా రోగాన్నన్నమాట. ఆ సంగతి మింగడానికి అన్నం మానడం కంటే ఎక్కువ కష్టపడ్డాను.

ఇంకో ఆరు వారాలు కొత్త అద్దాలు చేసుకోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆరు వారాలూ అద్దాల మీద చుక్కలు మా ఆవిడ చేత పెట్టించాను. పక్కన నిలబడి నేను చెప్తే తను పెట్టేది. పంతులమ్మ అద్దాలు తన చేతివే, నేల మళ్లీ లేవలేదట. నేను చేపలూ ఆకుకూరలూ తిన్నాను, నడిచాను, మందు సీసా జోలికి పోలేదు. మసకలో బతకడం కష్టమే కానీ, ఎందుకు మసకేసిందో తెలిశాక భయం పోయింది. బోర్డు కింద ఇంకో వాక్యం రాశాను: 'తగ్గుతున్నా మారుతుంది, తొందరపడొద్దు.' అక్షరాలు కొంచెం వంకరపోయాయి.

మూడు నెలలు నిండిన రోజు కాగితం వచ్చింది. మా ఆవిడ దాన్ని నా ముందు పెట్టి, సొరుగులోంచి ఒక జత తీసి పక్కన పెట్టింది. నా పాత ప్లస్ రెండు. శుభ్రంగా తుడిచి, వదులైన స్క్రూ కూడా బిగించింది.

"ఇవి డబ్బాలో పడేశాను కదా?"

"మీరు పడేశారు. నేను తీశాను. ఆ ఫ్రేము నేను ఏరి ఇచ్చింది," అంది.

పెట్టుకున్నాను. కాగితం మీద అంకె సూదిలా స్పష్టంగా కనిపించింది: ఆరూ పాయింటు మూడు. ఇన్సులిన్ సూది అక్కర్లేదు. డాక్టరమ్మకి వెంటనే ఫోన్ చేసి రెండు నెలలన్నది మూడైందని ఒప్పుకోవాలనుకున్నాను. అప్పుడే కాగితం పక్కన మా ఆవిడ చెయ్యి కనిపించింది. బొటనవేలి మీద సన్న సన్న కోతలు, కొన్ని మానినవి, ఒకటి నిన్నటిది. గోళ్ల చివర ఆకుకూర పసరు. మూడు నెలలు పూటపూటకీ కత్తి పట్టుకున్న చెయ్యి అది. చెంపల్లో ఇదివరకటి నునుపు లేదు, మెడ దగ్గర రవికె వదులైంది.

డేగనైన నాకు మూడు నెలల్లో ఒక్కసారి కూడా కనపడలేదు. సిగ్గేసింది, దానికంటే ఎక్కువగా తన మీద ప్రేమ ముంచుకొచ్చింది.

"నీకు షుగరు లేదు కదే. నువ్వెందుకు మానేశావు అన్నీ?" అన్నాను.

"మీ ఎదురుగా కూర్చుని అన్నం తినమంటారా ఏంటి," అంది, చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

నేను వదల్లేదు. ఆ వేలు అద్దాల దగ్గరగా పట్టుకుని చూశాను. సాయంత్రం తనకి బన్ను కొనిచ్చి, తినేదాకా ఎదురుగా కూర్చున్నాను. తర్వాత కూరగాయల కత్తి నేను తీసుకున్నాను.