ఆవిడ ఒక్కతికే పనిచేసిన మందు

మా పిన్ని చదువు అయినప్పటి నుంచీ డీఎన్ఏ మరమ్మతుల మీదే పరిశోధన చేస్తోంది. మన కణాల్లో డీఎన్ఏ రోజూ ఎక్కడో ఒకచోట తెగుతూనే ఉంటుంది. కణం తనంతట తానే దాన్ని అతికించుకుంటుంది. ఆ అతుకు వేసే ఒక ప్రొటీన్‌తోనే పిన్ని కాపురమని బాబాయి వేళాకోళం.

“కణాలు బతికితే మందు చాల్లేదని ఏడుస్తావు. చస్తే మోతాదు ఎక్కువైందని ఏడుస్తావు. నీతో ఎలాగే!” అనేవాడు.

ఆ ప్రొటీన్‌కు అడ్డం పడితే క్యాన్సర్ కణాలు అతుకు వేసుకోలేక చచ్చిపోతాయని పిన్ని నమ్మకం. ల్యాబ్‌లో గాజు పళ్లేల్లో చాలాసార్లు అలాగే జరిగింది. ఒక మందుల కంపెనీ మాత్ర తయారుచేసి, అండాశయ క్యాన్సర్ ఉన్న ఆడవాళ్లకు ఇచ్చి చూసింది. వేసుకున్నవాళ్లకూ, వేసుకోనివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కంపెనీ చేతులెత్తేసింది.

పిన్ని ల్యాబ్‌కు వెళ్లి, ఏ పనీ ముట్టకుండా, ఫ్రీజర్ గోడలకు పేరుకున్న మంచు గీకుతూ కూర్చునేది.

అప్పుడు ఆమె స్నేహితురాలు, క్యాన్సర్ డాక్టరు, ఫోన్ చేసింది.

“ఒసేయ్, నువ్వు వెంటనే రావాలి. మాత్రలు ఆపితే ఊరుకోనని ఒకావిడ నా గది ముందు బైఠాయించింది.”

ఆవిడ సిటీ బస్సు డ్రైవరు. యూనిఫాంలోనే వచ్చింది. పిన్ని అన్నేళ్లలో ఒక్క రోగితోనైనా మాట్లాడి ఎరగదు. గుమ్మంలోనే తడబడింది.

“మందు కనిపెట్టింది మీరేనా?” అని నిలదీసింది డ్రైవరు.

“మందు కాదండీ, ఆ ప్రొటీన్…”

“ఏదైతేనేం. పనిచెయ్యలేదని ఎవరన్నారు? నన్నడిగారా? మంచం దిగలేనిదాన్ని, ఇవాళ డ్యూటీ చేసి వస్తున్నా!”

“మిగతావాళ్లకు గుణం కనిపించలేదండీ.”

“వాళ్లకు కనిపించకపోతే నాకు ఆపేస్తారా?”

డాక్టరు స్కాన్‌లు తెరిచి చూపించింది. నిమ్మకాయంత కణితి బఠాణీ గింజంత అయింది.

ఇంటికి వస్తూ దారంతా పిన్నికి అదే ఆలోచన. కణానికి అతుకు వేసుకునే దారులు ఇంకా ఉన్నాయి. తను మూసింది ఒక్కటే. ఈవిడ కణితిలో రెండో దారి ముందే పాడైపోయి ఉంటే? ఆవిడకు ఆపరేషన్‌లో తీసిన కణితి ముక్కను అడిగి తెచ్చుకుని పరీక్షించింది. అనుకున్నట్టే, రెండో దారికి సంబంధించిన జన్యువు చెడిపోయి ఉంది. అదే లోపం ఉన్న కణాల మీద మందు చుక్క వేస్తే పళ్లెం పళ్లెమంతా ఖాళీ అయింది. లోపం లేనివి నిక్షేపంగా ఉన్నాయి.

డ్రైవరుకు మాత్రలు ఆగకుండా డాక్టరు అనుమతి సంపాదించింది. పిన్ని కంపెనీ గడప అరిగేలా తిరిగింది. “అందరికీ వద్దు. ఈ లోపం ఉన్నవాళ్లకే ఇచ్చి చూడండి” అని ప్రాధేయపడింది. చివరికి ఒప్పుకున్నారు. ఈసారి చాలామందిలో కణితి ఏళ్ల తరబడి అదుపులో ఉంది. ఫలితం విన్నరోజు పిన్ని వెక్కివెక్కి ఏడిచింది. బాబాయి వేళాకోళం మాని మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

డ్రైవరుకు ఆ లోపం పుట్టుకతో వచ్చిందేనని రక్తపరీక్షలో తేలడంతో వాళ్ల చెల్లెలికీ పరీక్ష చేయించారు. ఆమెకూ ఉంది. జబ్బు రాకముందే ఆపరేషన్ చేసి అండాశయాలు తీసేశారు. కోలుకున్నాక అక్కాచెల్లెళ్లిద్దరూ పిన్ని ల్యాబ్ చూడ్డానికి వచ్చారు.

డ్రైవరు కణితి నుంచి తీసిన కణాలున్న పళ్లేన్ని పిన్ని మైక్రోస్కోపు కింద పెట్టింది. డ్రైవరు వంగి చూసింది.

“ఇవి నావేనా? ఇంతోటివా నన్ను అంత ఏడిపించింది!”

“మీవే” అని నవ్వింది పిన్ని.

“ఇవి మాత్రకు లొంగాయి కదా. లొంగనివి కూడా ఉంటాయా?” అని అడిగింది చెల్లెలు.

పిన్ని నవ్వు ఆగింది. “ఉంటాయమ్మా. కొందరికి కొన్నాళ్లకు మళ్లీ వస్తోంది. నేనిప్పుడు చేస్తున్న పని అదే.”

డ్రైవరు కుర్చీ ఇంకాస్త ముందుకు లాక్కుంది.

“అయితే అవీ చూపించండి” అంది.

పిన్ని ఆ పళ్లెం తీసి ఇంకో పళ్లెం పెట్టింది.