మెరుపుబండి

"ఆ అడివి మాటలు మా ఇంట్లో ఇనపడకూడదని నీకెన్నిసార్లు సెప్పాలే?" అంది బుల్లమ్మ, గడప మీద కూర్చుని చింతపండు గింజ తీస్తూ.

రామక్క చేసిన నేరమల్లా ఎండబోసిన వడ్ల మీదికి వచ్చిన కోడిపెట్టను దోర్లీలో, అంటే అక్కడి దోర్ల కోయల భాషలో, అదిలించడం. ఆ కోడి దోర్ల గూడెం నుంచి కొనుక్కొచ్చిందే కాబట్టి తెలుగులో అదిలిస్తే కదలదు మరి. ఆ మాట అత్తగారితో అనేంత ధైర్యం ఆమెకు లేదు. రామక్క పుట్టిందీ పెరిగిందీ శబరి ఒడ్డునున్న కొంటాలోనే. వాళ్లమ్మ సంతలో ఉప్పూ ఎండుచేపలూ అమ్మేది. ఉప్పుగంప పక్కన, కొనడానికొచ్చిన దోర్ల ఆడవాళ్ల ఒళ్లలో పెరిగిన పిల్లకి తెలుగు ముందొచ్చిందో దోర్లీ ముందొచ్చిందో ఆమెకే తెలియదు. కలప పని మీద రాజమండ్రి వైపు నుంచి బస్తరు రాజ్యంలోకి వచ్చి ఆమెను చేసుకున్న భూషణానికీ, కొడుకు వెంట వచ్చిన బుల్లమ్మకీ మాత్రం ఆ భాష చెవిన పడితే మైల. "కోడల్ని తెచ్చుకున్నానా, కోయదాన్ని తెచ్చుకున్నానా" అని అత్తగారు ఇరుగుపొరుగుతో అంటుంటే రామక్క వినీ విననట్టు బియ్యం చెరుగుతూ కూర్చునేది. మొదట్లో ఏడ్చింది. తరువాత ఆ మాటలన్నీ లోపల దాచుకుని, సంతరోజున నేస్తం ఇర్మె కనిపించగానే కడుపునిండా మాట్లాడి ఇంటికొచ్చేది.

ఇర్మెది ఎగువ గూడెం. చిన్నప్పుడు ఇర్మె వాళ్లమ్మ ఇప్పచెట్ల కింద ఇద్దరూ చెరో పువ్వూ ఒకరి జడలో ఒకరు పెట్టుకుని నేస్తం కట్టుకున్నారు. నేస్తం కట్టాక పేరు పెట్టి పిలుచుకోకూడదు. అందుకని ఆమె ఈమెకి పువ్వు, ఈమె ఆమెకి పువ్వు. ఆ చెట్లు మూడూ తల్లి పోయాక ఇర్మెవయ్యాయి.

అలా వడ్ల దగ్గర చీవాట్లు తిన్న రోజు సాయంత్రమే భూషణం ఎన్నడూ లేనిది పెళ్లాం పక్కన వచ్చి కూలబడ్డాడు. అతను రాజమండ్రి షావుకారు దగ్గర కలప మేస్త్రీ. "రేపు నాతో ఎగువ గూడెం రావాలే. ఆళ్లతో మాట్టాడాలి" అన్నాడు. చెన్నపట్నంలో కరెంటు రైలు వేస్తున్నారట. ఊరి బయటి పేటల్లో ఉన్నవాళ్లని పొద్దున్నే పనుల్లోకి తీసుకెళ్లి సాయంత్రం ఇళ్లకు చేరుస్తుందట. దానికి పొగ ఉండదు, బొగ్గు ఉండదు. కొత్త పట్టాల కింద పరచడానికి వేగి, మద్ది చెట్ల దుంగలు కావాలి. శబరి మీద తెప్పలు కట్టి రాజమండ్రి దాకా దింపితే అక్కడి నుంచి షావుకారు చూసుకుంటాడు. చెట్లు కొట్టుకోడానికి రాజ్యం వారి అనుమతి దొరికింది గానీ, దుంగలు లాగే దున్నలూ మనుషులూ బాటా గూడెం వాళ్లవి.

"ఇంట్ల పనికిరాని నోరు నీ పనికి కావాల్నా?" అంది రామక్క, నవ్వుతూనే.

"ఇల్లు ఏరు, పని ఏరు" అన్నాడతను. అని ఊరుకుంటే బాగుండేది. ఆమె గడ్డం పట్టుకుని, "ఆ బండిలో ఆడోళ్లకి ఏరే పెట్టె ఉంటాదంట. మొదలెట్టిన యేడే నిన్ను తీసుకెళ్లి అందులో కూకోబెడతాను. సముద్రం కూడా సూద్దువుగాని" అన్నాడు. రామక్క శబరి దాటి ఎక్కడికీ పోలేదు. ఆ రాత్రి ఆమెకు సరిగా నిద్ర పట్టలేదు.

మర్నాడు ఎగువ గూడెం పెద్దమనిషి ఇంటి ముందు భూషణం ఒక మాట అనడం, రామక్క దాన్ని దోర్లీలోకి తిప్పడం. చెప్పేవాటిలో సగం ఆమెకూ తెలియవు. కరెంటంటే ఏందని పెద్ద అడిగితే భూషణం "అదో సక్తిలే, మెరుపులాంటిది" అన్నాడు. "వానకాలం మెరుపుని పట్టి తీగలో కట్టేస్తరంట, అది బండిని లాగుతదంట" అని చెప్పింది రామక్క. వెనక ఉన్న ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. "మరి ఆ మెరుపు తప్పించుకుంటే?" అంది ఇర్మె, అందరూ గొల్లుమన్నారు. ఆ రోజు నుంచి గూడెంలో దానికి మెరుపుబండి అని పేరు పడిపోయింది.

తరువాత నవ్వులాట కాని మాట వచ్చింది. "దుంగలు లాగే బాట ఇప్పచెట్ల పక్క నుంచే పోతది. ఇప్పచెట్టు మీద గొడ్డలి పడొద్దు" అన్నాడు పెద్ద. ఇప్పపువ్వు లేకపోతే వానలు పడేదాకా ఆ ఇళ్లలో పొయ్యి మీదికి కుండ ఎక్కదని రామక్కకు ఒకరు చెప్పనక్కర్లేదు. "పడదని సెప్పు" అన్నాడు భూషణం, ఆలోచించకుండానే. ఆమె చెప్పింది. గూడెం పెద్ద ఒక ఆకుదొప్ప నిండా ఇప్పసారా పోసి, నాలుగు చుక్కలు నేలకు వదిలి, భూషణానికి కాక రామక్కకు అందించాడు. మాట ఎవరి నోట వస్తే, దానికి పూచీగా దొప్ప వాళ్ల చేతికే ఇవ్వడం ఆ గూడేల పద్ధతి. ఆమె మొగుడి వంక చూసింది. "పుచ్చుకోవే, మర్యాద సేత్తున్నారు" అని నవ్వాడతను. కళ్లు మూసుకుని తాగేసింది. గొంతు మండింది. మంటతో పాటు కాస్త గర్వం కూడా కలిగింది. పెళ్లయ్యాక తన నోటికి ఎవరైనా విలువివ్వడం అదే మొదలు.

ఇక పని మొదలైంది. పని అంటే అందరూ రంపాల మోతే అనుకుంటారు గానీ, ఆ రంపాలు ఆడాలంటే వాటి వెనక ఒక పొయ్యి మండాలి. రంపం కోతగాళ్లందరికీ పొద్దున జావ, మధ్యాహ్నం అన్నమూ ఎండుచేపల పులుసూ, మళ్లీ రాత్రికి అన్నం. వంటమనిషిని పెట్టమని షావుకారు అన్నాడట, "మా ఆడది ఉందిగా బాబూ" అన్నాడట భూషణం. ఆ మాట అతనే గొప్పగా ఇంట్లో చెప్పాడు. పచ్చికట్టెలు మండక కళ్లలో పొగ నిండి నీళ్లు కారుతుంటే రామక్క ఆ రైలు గురించి ఆలోచించేది. సముద్రం మీద ఆమెకు పెద్ద మోజు లేదు. పొగ లేదన్న మాటే ఆమె మనసులో ఉండిపోయింది. అంత బండిని పొగ లేకుండా నడిపేవాళ్లుంటే, పొగలేని పొయ్యి కూడా ఎక్కడో ఉండే ఉంటుంది. అది తనకు దొరకదని తెలుసు. కనీసం ఒక్కపూట ఏ పొయ్యీ తన కోసం కాచుకోని చోట, ఆడవాళ్ల పెట్టెలో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలని ఉండేది. రెండేళ్లు ఆ ఆశ మీదే వండింది.

రెండో ఏడు చలికాలం పోతుండగా ఒకనాడు జావకుండ నెత్తిన పెట్టుకుని కోతగాళ్లున్న చోటికి వెళ్లింది. బాట మలుపులో మూడు మొద్దులు కనిపించాయి. ఇంకా తడి ఆరలేదు. పడిన కొమ్మల మీద అప్పుడప్పుడే మొగ్గ పట్టి ఉంది. చిన్నప్పుడు నేస్తం కట్టుకున్న చోటు అదేనని గుర్తుపట్టడానికి ఆమెకు కాసేపు పట్టింది, ఎందుకంటే అక్కడెప్పుడూ అంత ఎండ ఉండేది కాదు. కుండ దించి అలాగే నిలబడిపోయింది.

"బండ్లు తిరగాలంటే మలుపు కావొద్దా?" అన్నాడు అక్కడే కోత చూసుకుంటున్న భూషణం. "మూడు సెట్ల కోసం కొండంతా సుట్టి రమ్మంటావా?"

"నేను మాటిచ్చిన గదయ్యా."

"ఇచ్చింది నువ్వు. దొప్ప తాగింది నువ్వు. నేనేం తాగలేదే!" అని నవ్వి, జావ చల్లారిపోతోందన్నాడు.

ఎన్ని మాటలు పడిందో ఆ ఇంట్లో. ఒక్కటీ ఇలా తగలలేదు. అత్తగారు తన భాషని తిడితే అది తిట్టు, దులుపుకుని పోవచ్చు. ఇతను తిట్టలేదు. తన నోరు అరువు తీసుకుని, దానితో తన నేస్తం కడుపు కొట్టి, మాట తప్పిన మచ్చ మాత్రం తనకే వదిలేశాడు. తెలియక జరిగిందేమో అని మనసు ఇంకా అతని తరఫున ఏదో వెతుకుతూనే ఉంది. వెతికీ వెతికీ దొరక్క, తనను చూసి తనకే అసహ్యమేసింది.

తరువాతి సంతలో ఇర్మె వచ్చింది. రామక్క ఎదురెళ్లి "పువ్వూ" అని పిలిచింది. ఇర్మె ఆమె మొహంలోకి చూడకుండా, షావుకార్లతో మాట్లాడే వచ్చీరాని తెలుగులో, "ఏం కావాలె అమ్మా?" అంది. ఆ ఒక్క ముక్కా అని గంప ఎత్తుకుని పక్క దుకాణానికి వెళ్లిపోయింది. చెంప మీద కొట్టినా రామక్క ఓర్చుకునేది. తనతో దోర్లీ మాట్లాడడం మానేయడమంటే ఇక మనిషితో మనిషికి పని లేదని చెప్పడమే.

ఆ వేసవి దాటేసరికి చెన్నపట్నంలో కరెంటు రైలు నడవడం మొదలైందని కబురొచ్చింది. షావుకారు తన మేస్త్రీలను చూడ్డానికి తీసుకెళ్తున్నాడు. భూషణం ప్రయాణమయ్యాడు, తల్లిని వెంటబెట్టుకుని. "కోతగాళ్లకి ఎవరొండుతారే? అయినా అమ్మ పెద్దదైపోయింది, నువ్వు ఎప్పుడైనా సూడొచ్చు" అన్నాడు, మూట కడుతున్న రామక్కతో. ఆమె మూట ముడి గట్టిగా బిగించింది. అడిగితే ఇంకో మాట ఇస్తాడు, అందుకే అడగలేదు.

తిరిగొచ్చాక ఇల్లంతా ఆ రైలే. గంట కొట్టేలోగా కదులుతుందట, దాని అరుపే వేరట, బీచి టేసను నుంచి తాంబరం పోయి రావడం చిటికెలో పనట. వినవచ్చిన వాళ్లకి భూషణం చేతులూపుతూ చెబుతుంటే బుల్లమ్మ మాత్రం పెద్దగా మాట్లాడలేదు. జనం వెళ్లాక రామక్క ఆమె కాళ్లకు నూనె రాస్తూ, "ఎట్లుంది అత్తా, ఆడోళ్ల పెట్టె?" అని అడిగింది. అడగకూడదనుకుంటూనే అడిగింది.

"కూకున్నానే ఒక్కపూట. గాలి బానే తగిలింది." ముసలామె మోకాలు రుద్దుకుంది. "మిగతా రోజులన్నీ ఆ మేస్త్రీల సత్రంలో పొయ్యి ముందే. అంతమందికీ నేనే వండాను. అందుకే తీసుకెళ్లాడు."

రామక్క రెండో కాలు అందుకుని ఇంకాస్త నూనె పోసింది.

మళ్లీ ఇప్పకాలం వచ్చింది. షావుకారుకి ఇంకా కలప కావాలి, ఎగువ గూడెం వాళ్లు ఇక పలకరు. "ఇంకా పైనున్న గూడెం పోదాం. పద, నువ్వు మాట్టాడాలి" అన్నాడు భూషణం. రామక్క రానంటుందని అతనికి తట్టను కూడా తట్టలేదు. ఆమె అనలేదు. దారి పొడవునా అతను చెన్నపట్నంలో కుట్టించుకున్న కోటు మీద దుమ్ము దులుపుకుంటూ ముందు నడిచాడు, ఆమె వెనక నడిచింది. ఏం చేయబోతోందో ఆమెకే తెలియదు.

ఆ గూడెం పెద్ద బిజ్జా. ఆయన ఇంటి ముందు మగవాళ్లు, కాస్త ఎడంగా ఆడవాళ్లు. ఆ ఆడవాళ్లలో గంప పట్టుకుని ఇర్మె ఉంది. అది ఆమె అక్కను ఇచ్చిన ఊరు. తన చెట్లు పోయాక అక్క చెట్ల కింద పువ్వు ఏరుకోడానికి వచ్చిందని రామక్కకు చూడగానే అర్థమైంది. ఇర్మె ఆమెను చూసి తల తిప్పుకుంది.

భూషణం మొదలెట్టాడు. పొగలేని రైలు, తీగలు, సముద్రం. తాను స్వయంగా ఎక్కి వచ్చానన్నాడు. "పెద్దనీ, ఆయన పెళ్లాన్నీ తీసుకెళ్లి సూపిత్తానని సెప్పు. ఆడోళ్లకి ఏరే పెట్టుందని సెప్పు. ఇప్పసెట్ల జోలికి పోమని సెప్పు."

రామక్క చెప్పింది. ఒక్క మాట మార్చలేదు, ఒక్క మాట వదల్లేదు, ఇంతకుముందెప్పుడూ అంత బాగా చెప్పలేదు కూడా. అంతా అయ్యాక, గొంతు పెంచకుండా తగ్గించకుండా అదే దోర్లీలో ఒకటి కలిపింది.

"ఈ మాటలన్నీ ఇదివరకు నాకూ చెప్పిండు."

ఆడవాళ్ల వైపు గంప నేల మీద పెట్టిన చప్పుడైంది.

"నువ్వెక్కినవా ఆ మెరుపుబండి?" అని అడిగింది ఇర్మె. దోర్లీలో అడిగింది.

"ఎక్కలే" అంది రామక్క.

బిజ్జా చేతిలో దొప్ప అప్పటికే సగం నిండింది. ఆయన రామక్క వంక చూసి, దొప్పను అలాగే నేల మీద బోర్లించాడు. భూషణం అదేదో మర్యాదే అనుకున్నట్టుంది. మొహం నిండా నవ్వుతో, "ఒప్పుకున్నట్టేనా? ఏమంటన్నాడే ముసలోడు?" అన్నాడు.

రామక్క అతని పక్క నుంచి లేచి, ఆడవాళ్ల వైపు నడిచి, ఇర్మె దగ్గర కూర్చుంది. ఇర్మె దగ్గరికి జరగలేదు, దూరమూ జరగలేదు.

"నిన్నేనే, ఏమంటన్నాడు?"

"నీ నోటితో నువ్వే అడుక్కో" అంది రామక్క, దోర్లీలో.