మూడో మీట

నా భార్య లియోటా రాసిన మాటలను వెండెల్ ప్రోవో దొంగిలించాడు. ఇది అనుమానం కాదు. జరిగింది.

ఇరవై ఆరేళ్ళు ఆ మాటల కింద తన పేరు వేసుకున్నాడు. రేడియోలో చెప్పుకున్నాడు, బడిపిల్లల ముందు చెప్పుకున్నాడు. చివరికి ఆమె గొయ్యి దగ్గర నిలబడి, ఆమె మాటలే ఆమెకు వినిపించి, "నేను రాసిన ఈ పాటంటే లియోటాకి ప్రాణం" అన్నాడు.

నా పేరు గార్నెట్ టైన్స్. మాది కెనడాలో హాలిఫాక్స్ అవతల కట్లర్ హిల్ అనే ఊరు. ఊరి బడిలో ఎనిమిది దాకా చదివాను. ముప్ఫై ఏళ్ళు రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాను. ఆ ఉద్యోగం చేస్తూనే సాల్ట్ రోడ్ అనే ర్యాప్ బృందంలో డ్రమ్ముల దరువు కట్టాను. బృందం అంటే ముగ్గురం: నేను, వెండెల్, లియోటా. క్యాసెట్ అట్ట మీద మాత్రం ఇద్దరమే.

తొంభై మూడు చలికాలంలో మొదటి క్యాసెట్ చేశాం. మా ఇంటి నేలమాళిగలో, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు పక్కన. నాలుగు ట్రాకుల రికార్డరు ఒకటి ఉండేది. దాని మీద పైకీ కిందికీ జరిగే నాలుగు మీటలు. ఒకటో మీట డ్రమ్ములు, రెండోది బేసు, మూడోది వెండెల్ గొంతు, నాలుగోది తక్కిన చప్పుళ్ళు. మైకు ఒక్కటే.

వెండెల్‌ది మంచి గొంతు. బొగ్గు పెళ్ళలు దొర్లినట్టు ఉండేది. దాన్ని నేను ఇప్పుడూ కాదనను. కానీ వాడికి పాటలో నాలుగు వరసలు వెంటవెంట గుర్తుండేవి కావు. కాగితం చేతికిస్తే బైబిల్ చదివే పిల్లాడిలా చదివేవాడు.

"ఇలా కాదు," అంది లియోటా. "నేను అందిస్తాను. నువ్వు అందుకో."

మా చర్చిలో పాత కీర్తనలు అలాగే పాడతారు. చదువు రాని రోజుల నుంచి వచ్చిన అలవాటు. డీకన్, అంటే సంఘపెద్ద, ముందు ఒక వరస చెబుతాడు, సంఘం దాన్ని అందుకుని పాడుతుంది. మళ్ళీ ఒక వరస, మళ్ళీ సంఘం. లియోటా తండ్రి ఏమస్ కెయిన్ నలభై ఏళ్ళు డీకన్‌గా వరసలు అందించాడు. ఆ పిల్ల వాళ్ళ నాన్న మోకాలి దగ్గర కూర్చుని పెరిగింది.

ఆమె అందించడానికి వీలుగా నేను డ్రమ్ముల్లో వరసకీ వరసకీ మధ్య ఖాళీ పెట్టాను. ఆ ఖాళీలో ఆమె వెండెల్ చెవి దగ్గర మెల్లగా వరస చెప్పేది. వాడు దాన్ని మైకులోకి విసిరేవాడు. తర్వాత పాట కలిపేటప్పుడు, ఆమె గొంతు వినపడకుండా ప్రతి ఖాళీలోనూ మూడో మీటను నేను కిందికి లాగేవాడిని. ఈ కుడిచేతి చూపుడువేలితోనే. ఆ సంగతి కూడా దాచను.

పాట పేరు 'కంకర'. మలుపు దాకా తారు వేసి మా ఊరికి కంకర వదిలేసిన రోడ్డు గురించి.

అట్ట రాసేటప్పుడు లియోటాయే వద్దంది. "నాన్న చూస్తే క్యాసెట్‌నీ నన్నూ కలిపి పొయ్యిలో పెడతాడు. డీకన్ కూతురు ర్యాప్ రాసిందంటే ఆదివారం మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? ఈసారికి నా పేరు వద్దు. రెండో దాని మీద వేద్దురు గాని."

"రెండో దాని మీద నీ పేరే ముందు," అన్నాడు వెండెల్. "మా అమ్మ మీద ఒట్టు."

తొంభై అయిదులో డీకన్ పోయాడు. తొంభై ఆరులో రెండో క్యాసెట్ వచ్చింది. అట్టలు అచ్చు వేయించే పని వెండెల్ తీసుకున్నాడు. పెట్టె విప్పితే ప్రతి అట్ట మీదా ఒకటే: మాటలు, వెండెల్ ప్రోవో.

"అచ్చువాడు పాతది చూసి వేసేశాడు లియోటా," అన్నాడు. "మూడో దానికి సరిచేద్దాం."

"మా అమ్మ మీద ఒట్టు అనలేదేం ఈసారి?" అంది లియోటా. నవ్వుతూనే అంది. వాడు నవ్వలేదు.

మూడోది రాలేదు. బృందం చెదిరింది. కానీ విశ్వవిద్యాలయాల రేడియోల వాళ్ళు 'కంకర'ను వదల్లేదు. వరసల మధ్య ఆ ఖాళీని తెగ మెచ్చుకున్నారు. ఆ మౌనం ఎలా తట్టింది అని వెండెల్‌ని అడిగారు. "మా నాన్న మాటకీ మాటకీ మధ్య అలాగే ఆగేవాడు" అన్నాడు. వాళ్ళ నాన్న టాక్సీ తోలేవాడు. ఆయన నోరు మూసిన క్షణం ఊళ్ళో ఎవరూ చూడలేదు.

లియోటాకి మూత్రపిండాలు పాడయ్యాయి. నాలుగేళ్ళు మంచాన పడింది. ప్రతి గురువారం వెండెల్ తల్లి జెనీవా సూపు గిన్నె పట్టుకుని వచ్చేది. లియోటా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని నూనె రాసేది.

చివరి వారంలో లియోటా నన్ను పిలిచింది. "వెండెల్‌ని వదిలెయ్యి గార్నెట్. నేను వదిలేశాను. జెనీవా ఆంటీ బతికుండగా వాడి పరువు తియ్యకు."

"సరే," అన్నాను.

ఆమె పోయింది. సమాధి దగ్గర వెండెల్ 'కంకర'లోంచి నాలుగు వరసలు చెప్పాడు. జనం కళ్ళు తుడుచుకున్నారు. "ఎంత బాగా రాశావురా" అని వాడి భుజం తట్టారు. పార చేతిలో పట్టుకుని నేను చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత ఆరేళ్ళు వాడితో ఒక్క మాట మాట్లాడలేదు.

నిరుడు వసంతంలో వాడే వచ్చాడు. గుమ్మం ముందు కారు ఆపి, టోపీ తీసి నిలబడ్డాడు.

"మాంట్రియల్‌లో ఒక కంపెనీ 'కంకర'ని రికార్డుగా తెస్తోందిరా. పెద్ద నల్ల రికార్డు, మంచి అట్ట. వాళ్ళకి అసలు టేపు కావాలి. నీ దగ్గరే ఉంది కదా?"

"ఉంది. లియోటా బొత్తాల డబ్బాలో."

"చూశావా, బంగారంలా దాచావు! అట్ట నమూనా కూడా తెచ్చాను, చూడు."

చూశాను. మాటలు, వెండెల్ ప్రోవో.

"లియోటా పేరు వేయించు," అన్నాను. "టేపు ఇప్పుడే తీసుకెళ్ళు."

వాడు టోపీ అటూ ఇటూ తిప్పాడు. "ఇన్నేళ్ళూ ఒకటి చెప్పి ఇప్పుడు ఇంకోటి ఎలా చెప్పన్రా? పిల్లలకి పాఠాలు చెబుతున్నా. కృతజ్ఞతల్లో వేయిస్తా. అందరికంటే పైన. టీ పెట్టి, ఓపిగ్గా భరించిన లియోటాకి అని..."

టీ పెట్టి.

రికార్డు ఒకసారి అచ్చయితే అదే నిలుస్తుంది. నేను పోతాను, తెలిసినవాళ్ళు పోతారు, అట్ట ఉంటుంది. అందులో నా భార్య టీ పెట్టిన మనిషి.

"సరే," అన్నాను. లియోటాకి చెప్పిన 'సరే' లాంటిది కాదు అది. "కానీ టేపు ముందు ఊళ్ళో వినిపిద్దాం. చర్చి హాల్లో. పాత మిషన్ మీద, మీటలు నేనే జరుపుతాను. మాంట్రియల్ వాళ్ళనీ పిలువు."

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వు క్షమిస్తావని నాకు తెలుసురా."

 వాడు ఎప్పుడూ నేను కలిపి ఇచ్చిన పాటే విన్నాడు. మిషన్ జోలికి ఏనాడూ రాలేదు. టేపు మీద ఏముందో వాడికి తెలీదు.

శనివారం మధ్యాహ్నం. చేప కేకులు, బీన్సు, బ్రౌన్ బ్రెడ్డు తిని అందరూ హాల్లోకి వచ్చారు. కుర్చీలు పొద్దున్నే నేనే వేశాను. ముందు వరసలో సరిగ్గా మధ్య కుర్చీ మీద కాగితం అంటించాను, జెనీవా ప్రోవో అని. దాని పక్కన మా సంఘంలో పెద్దావిడ సిస్టర్ మర్టల్, ఎనభై ఏడేళ్ళు. వెనక డీకన్ కెయిన్ కాలం నాటి ముసలివాళ్ళంతా. మాంట్రియల్ నుంచి సొలాంజ్ అనే ఆమె వచ్చింది, అట్ట బాధ్యత ఆమెది.

వెండెల్ లేచి కథ చెప్పాడు. "బస్సులో కూర్చున్నాను. కిటికీలోంచి మన మలుపు కనిపించింది. మా నాన్న బూట్లు గుర్తొచ్చాయి. ఆ కంకర మీద ఆయన నడిచిన నడక..."

"మీ నాన్న టాక్సీలోంచి దిగితే కదరా నడవడానికి!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. హాలంతా నవ్వింది.

"ఇంటి గుమ్మం దాకా నడిచేవాడు కదా బాబాయ్!" అన్నాడు వెండెల్. ఇంకా నవ్వారు. వాడికి అదొక విద్య.

నేను మిషన్‌లో టేపు తిప్పాను. మొదటి చరణం నాలుగు మీటలూ పైన పెట్టి వినిపించాను, పాతరోజుల్లో లాగే ఖాళీల్లో మూడోదాన్ని దించుతూ. అందరూ తలలు ఊపారు. జెనీవా కాలితో తాళం వేసింది.

రెండో చరణానికి ఒకటో మీట దించేశాను. డ్రమ్ములు పోయాయి. రెండోది దించాను. నాలుగోది దించాను. మూడో మీటను పైకంటా తోసి చెయ్యి తీసేశాను.

హాల్లోకి లియోటా వచ్చింది.

"తారు వచ్చి మలుపు దాకా తల తిప్పుకుని పోయింది."

మెల్లగా, స్పష్టంగా, పక్కన నిలబడి చెప్పినట్టు. వెంటనే వెండెల్ గొంతు గట్టిగా అందుకుంది. "తారు వచ్చి మలుపు దాకా తల తిప్పుకుని పోయింది!"

"మా ఊరి పేరు పటంలో సిరా చాలక ఆగింది."

వెండెల్ గొంతు మళ్ళీ అదే వరస. వేదిక మీద వెండెల్ నా వైపు తిరిగాడు. "గార్నెట్, మీటలు..." అన్నాడు. నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

"నాన్న బూట్లో నలిగిన రాయి నాలిక కింద దాగింది."

ఈసారి టేపులోని వెండెల్‌తో పాటు ఇంకో గొంతు అందుకుంది. సిస్టర్ మర్టల్. కళ్ళు మూసుకుని ఉంది. ఆమెకి ర్యాప్ తెలీదు, వరస అందించడం తెలుసు. ఎనభై ఏళ్ళుగా వరస వినపడితే ఆమె నోరు దానంతట అదే తెరుచుకుంటుంది.

"నడిచేకొద్దీ మాటయింది, నమిలేకొద్దీ మోగింది."

అందుకున్నది సంఘం మొత్తం. యాభై గొంతులు కీర్తన బాణీలో, సాగదీసి, కిటికీ అద్దాలు అదిరేలా. వెండెల్ గొంతు వాటి కింద నలిగి ఎక్కడో పోయింది. లియోటా గొంతు పోలేదు. వరస అందించేవాళ్ళు మాట్లాడుతున్నప్పుడు మా ఊళ్ళో ఎవరూ నోరు మెదపరు.

చరణం ముగిసింది. టేపు ఇంకా తిరుగుతోంది. పాటలో అక్కడ డ్రమ్ములు మాత్రమే ఉండేవి. ఇప్పుడు డ్రమ్ములు లేవు.

"ఇంకో చరణం ఉందా లియోటా?" టేపులో వెండెల్, పాతికేళ్ళవాడు.

"లేదు. అంతవరకే రాశాను. మిగతాది రేపు రాస్తా. ఇంటికి పో, మీ అమ్మ నీ పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చుని ఉంటుంది."

టేపు ఆగింది.

జెనీవా లేచి నిలబడింది. ఎవరో చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

"ఆ గొంతు నాకు తెలుసు. మాటలు ఎవరివి వెండెల్?"

"అమ్మా, అప్పట్లో అందరం కలిసి..."

"మాటలు ఎవరివి?"

"...లియోటావి."

ఆమె చేతిసంచీ తీసుకుంది. మధ్య దారిలో నడిచి వచ్చి తలుపు దగ్గర, నా మిషన్ ముందు ఆగింది. వెండెల్‌ని చూసినట్టే నన్నూ చూసింది.

"నాకు ఇంట్లో చెప్పొచ్చుగా గార్నెట్. ప్రతి గురువారం వచ్చేదాన్నిగా."

"చెబితే మీరు వాణ్ని క్షమించేవారు," అన్నాను.

ఆమె వెళ్ళిపోయింది. ఒక్కొక్కరే లేచారు. వెండెల్ భుజం ఎవరూ తట్టలేదు. సొలాంజ్ సంచీలోంచి అట్ట నమూనా తీసి, కలంతో ఒక పేరు కొట్టేసి, "స్పెల్లింగు చెప్పండి" అంది. అక్షరం అక్షరం చెప్పాను.

కార్ల దగ్గర వెండెల్ నా దారికి అడ్డం నిలబడ్డాడు. మొహం బూడిదలా ఉంది. "మా అమ్మ ముందు, ఒరేయ్. మా అమ్మ ముందు."

"కుర్చీ నేనే వేశాను," అన్నాను.

రికార్డు వచ్చింది. మాటలు, లియోటా టైన్స్. ఖాళీల్లో మూడో మీట దించవద్దని చెప్పాను, దించలేదు. ప్రతి వరసకీ ముందు ఆమె గొంతు ఉంది. వెండెల్‌ని ఇప్పుడు బడులకు పిలవడం లేదని విన్నాను. ఊరికి కూడా రావడం లేదు. నాకు బాధ లేదు. జెనీవా గురువారాల్లో మా ఇంటి ముందునుంచే సూపు గిన్నెతో ఇంకెవరింటికో పోతుంది. తల తిప్పదు. అది నేను కొని తెచ్చుకున్నదే.

లియోటాకి ఇచ్చిన మాట తప్పాను. ఆమె క్షమించింది, అది ఆమె ఇష్టం. నేను క్షమించలేదు. పైన ఆమె అడిగితే అక్కడ జవాబు చెప్పుకుంటాను.

రేడియోవాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. వెండెల్ రెండు ఉత్తరాలు రాశాడు, విప్పలేదు. అందుకే ఇది ఒక్కసారి రాసి పెట్టాను. ఇక దీని గురించి నన్నెవరూ అడగవద్దు. వెండెల్ వచ్చి అడిగినా, జెనీవా వచ్చి అడిగినా, నేను మాట్లాడను.